సగం మొక్కు

సాలూరులో హైమావతి అనే పిల్లల డాక్టరు ఉండేది. ఆమె హస్తవాసి మంచిదే గానీ, ఎదుటి తల్లి మాట పూర్తి చేసేలోపే జవాబు చెప్పేసే తొందర మాత్రం ఆమెను ఏనాడూ వదిలేది కాదు.

"నిన్నట్నుంచి పిల్లాడు..." అని ఓ తల్లి మొదలుపెట్టేది.

"దగ్గా? ఈ మందు పూటకో చెంచా పట్టు."

"దగ్గు కాదండీ, చెవి..."

"చెవా? అయితే ఈ చుక్కలు వెయ్యి. ఏం కాదు, వెళ్ళిరా."

ఎక్కువసార్లు ఆమె చెప్పిందే నిజమయ్యేది. చిక్కంతా అక్కడే వచ్చింది. నాలుగుసార్లు దెబ్బతిని ఉంటే ఎప్పుడో మారి ఉండేది.

వరండాలో కూర్చున్న ఆడవాళ్ళు దీన్ని చెప్పుకుని నవ్వుకునేవారు. "డాక్టరమ్మ ముందు ఆవులించకు. నిద్ర పట్టడానికి మాత్ర రాసిచ్చేస్తుంది," అనేది ఒకామె. "నీకు నయం. నా పేరు కూడా నన్ను చెప్పనివ్వలేదు. తనే రాసేసింది. చూస్తే మా తోడికోడలి పేరు!" అనేది ఇంకొకామె.

అది గర్వమని వాళ్ళు అనుకునేవారు. కాదు, అది భయం. తల్లి ఎవరైనా ఆగకుండా చెప్పుకుంటూ పోతే హైమావతికి అరచేతులు తడిసిపోయేవి. ఈ మాటల్లోంచి తనకు తెలియనిదేదో బయటికొస్తుందేమో, అప్పుడు ఈ బిడ్డ మొహం చూసి ఏం చెప్పాలి అని గుండె పీచుపీచుమనేది. అందుకే పాము తలెత్తకముందే బుట్టకు మూత పెట్టేసినట్టు, మాట సగంలో ఉండగానే జవాబు పెట్టి మూసేసేది. "ఏం కాదు" అన్నది తల్లికి చెప్పే ధైర్యం కాదు. తనకు తను చెప్పుకునే ధైర్యం.

దేవుడి దగ్గరా అంతే. పొద్దున్నే దీపం వెలిగించి, "పిల్లలంతా బాగుండాలి, ఎవరికీ ఏమీ కాకూడదు, నా చేతిమీదుగా అసలే కాకూడదు" అని గబగబా అప్పజెప్పేది. వత్తి కుదురుకోకముందే చెప్పుల్లో కాళ్ళు పెట్టేది. ఓసారి ఓ బుడతడు తను చప్పరిస్తున్న నిమ్మ బిళ్ళను నోట్లోంచి తీసి, "నువ్వు తిను డాక్టరూ, నీకూ జ్వరం తగ్గుతుంది" అని చెయ్యి చాపాడు. అలాంటి మాటకి లోకంలో ఎవరైనా కరిగిపోతారు. హైమావతి మాత్రం వాడి తల మీంచి చూస్తూ, "తర్వాతెవరు?" అంది.

ఇలా ఉండగా ఓ ఎండాకాలం, మెట్టవలస కొండమీద నూకాలమ్మ జాతర వచ్చింది. ఆరోజు ఆసుపత్రికి వచ్చినవాళ్ళలో సగంమంది కొత్తబట్టల్లోనే వచ్చారు. ముందు ఇక్కడ చూపించుకుని, అటునుంచి అటే కొండకి వెళ్దామని.

వాళ్ళలో గౌరీశ్వరి ఒకతె. ఇరవయ్యేళ్ళు కూడా ఉండవేమో. చంకలో అయిదో నెల పాప దీక్షిత. పాపకి కాళ్ళకు గజ్జెలు, చేతులకు కడియాలు, నడుముకు వేలెడు మందాన వెండి మొలతాడు. పుట్టింటివాళ్ళు పెట్టినదంతా మొక్కు రోజున బిడ్డ ఒంటిమీద ఉండి తీరాలని అత్త పారమ్మ పట్టుబట్టి పెట్టించింది. ఆటో బయట ఆగి ఉంది. మొగుడు సన్యాసిరావు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

నర్సు అప్పలకొండ పాపను తూకం మీద పెట్టింది. "పోయిన నెలకంటే పెరిగింది మేడమ్," అంది.

"చూశావా, పెరిగింది," అంది హైమావతి గౌరీశ్వరితో. "జలుబేనా?"

"జలుబూ ఉందండీ. మరేటంటే, పాలు తాగేటప్పుడు దీనికి తలంతా..."

"చెమటా? ఎండలు మండిపోతున్నాయి కదమ్మా. నాకు పట్టడం లేదా?"

"అది కాదండీ. తాగుతూ తాగుతూ మధ్యలో..."

"నిద్రపోతుంది. పిల్లలంతా అంతే. బరువు పెరుగుతోంది కదా, ఇంకేం కావాలి?" అంటూనే పాప వీపుమీద స్టెతస్కోపు ఆనించి తీసేసింది. పాప కాళ్ళు ఆడించింది. గజ్జెలు ఘల్లుమన్నాయి. "ఏం కాదు. వెళ్ళి మొక్కు తీర్చుకోండి."

గౌరీశ్వరి పెదవులు ఇంకో మాటకి విచ్చుకున్నాయి. బయట హారన్ మోగింది. ఆమె నోరు మూసుకుని పాపను ఎత్తుకుంది. గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపును హైమావతి చూసింది. చూసి, "తర్వాతెవరు?" అంది.

కొంతసేపటికి ఓ ముసలామె బొద్దుగా ఉన్న మనవడిని మోసుకొచ్చింది. అప్పలకొండ పిల్లాడిని అందుకోబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండమ్మా తల్లీ, ముందు ఈ వెండి వొలవనీ. లేకపోతే మీ డాక్టరమ్మ మా కడియాలకి కూడా టానిక్కు రాసేస్తుంది!"

గదిలో ఉన్నవాళ్ళంతా ఫక్కుమన్నారు. హైమావతి కూడా నవ్వింది. నవ్వు సగంలోనే ఆమె మొహం మీద అలా బిగుసుకుపోయింది.

ముసలామె వెండి తీసి బల్లమీద పెట్టింది. హైమావతి దాన్ని చేతిలోకి తీసుకుంది. బరువుగా ఉంది. లేచి వెళ్ళి తూకం మీద పెట్టింది. అంకెలు చకచకా పైకి పోయాయి.

"అప్పలకొండా, ఇందాకటి పాపకి వెండి తీసే తూచావా?"

"లేదు మేడమ్. టైమెక్కడిదీ? మీరు కానీ కానీ అంటుంటే..." అప్పలకొండ మాట మధ్యలోనే ఆగిపోయింది.

అంటే పెరిగింది పాప కాదు, వెండి. ఆ వెండి తీసేస్తే పాప పెరగలేదు సరికదా, తగ్గింది. అప్పుడు ఆ రెండు సగం మాటలూ వాటంతట అవే వచ్చి ఆమె చెవిలో పూర్తయ్యాయి. పాలు తాగేటప్పుడు తలంతా చెమట. తాగుతూ తాగుతూ మధ్యలో ఆగిపోయి ఆయాసం. పసిబిడ్డకి పాలు తాగడమే కొండెక్కినంత పని అవుతోందంటే, గుండె అలిసిపోతోందని అర్థం. పిల్లల వైద్యం చదివినవాళ్ళెవరూ మరిచిపోలేని మాట అది. ఆమె మరిచిపోలేదు. వినలేదు, అంతే.

ఇప్పుడా పాప మండుటెండలో కొండమీద ఉంది. గుండు చేయిస్తారు. గుక్కపట్టి ఏడుస్తుంది. ఆపైన నెత్తిన చన్నీళ్ళు గుమ్మరిస్తారు. అలిసిన గుండె ఎంతకని తట్టుకుంటుంది?

సన్యాసిరావుకి ఫోన్ చేశారు. కలవలేదు. "జాతరలో సిగ్నల్ ఎక్కడుంటుంది మేడమ్?" అంది అప్పలకొండ.

వరండాలో ఉన్న పిల్లలను హైమావతి ఒక్కొక్కరినీ గబగబా తాకి చూసింది. ఆగలేని జబ్బు ఎవరికీ లేదు. "నేనొక తప్పు చేశాను. వెళ్ళి దిద్దుకోవాలి," అంది. ఎవరైనా తిడతారనుకుంది. ముసలామె మనవడిని ఒళ్ళో సర్దుకుని, "వెళ్ళు తల్లీ. ఫ్యాను కిందే ఉన్నాం, మాకేటి బాధ?" అంది.

హైమావతీ అప్పలకొండా ఆటో ఎక్కారు. కొండకింద ఆటో ఆగిపోయింది. ఎద్దుబళ్ళు, ట్రాక్టర్లు, మనుషులు. దిగి పరుగులాంటి నడక మొదలుపెట్టారు. అమ్మవారికి పొయ్యడానికి పసుపునీళ్ళ ముర్రాటల బిందెలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు బారులు కట్టారు. డప్పులు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. హైమావతికి ఆ మోత తన గుండెల్లోంచే వస్తున్నట్టుంది. దారిలో ఎవరి చంకలో పాప కనిపించినా మీదపడి మొహం చూసేది.

పైకి చేరాక ఇంకో ఆపద ఎదురైంది. అక్కడ ఎటు చూసినా పసిపిల్లలే. అందరికీ గుండ్లే. అన్ని గుండ్లకీ గంధమే. అన్ని నడుములకీ వెండే. ఒకే పాపను దేవత వందసార్లు పుట్టించి వదిలిపెట్టినట్టుంది.

అప్పలకొండ పరుగెత్తి మైకు పట్టుకున్నాయన్ని బతిమాలింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "భక్తులకు మనవి. సన్యాసిరావు గారూ, సన్యాసిరావు గారూ, మీరెక్కడున్నా ప్రసాదాల కొట్టు దగ్గరకి రావాలి. సాలూరు డాక్టరమ్మ మీకోసం ఎదురు చూస్తున్నారు!"

ఉత్తరాంధ్రలో సన్యాసిరావు అని పిలిస్తే ఒక్కడే వస్తాడా? గుంపుగా వచ్చారు. ఒకాయన తలకు తడితువ్వాలుతో వచ్చాడు. ఒకాయన నోట్లో పులిహోరతో వచ్చాడు. పళ్ళు లేని ఓ తాత చేతికర్ర ఊపుకుంటూ, "నాకేటమ్మా జబ్బు?" అని అడిగాడు. కావలసిన సన్యాసిరావు మాత్రం రాలేదు.

హైమావతి కొట్టు గుంజను పట్టుకుని నిలబడిపోయింది. ఎదురుగా గుడి. అలవాటుగా నోరు ఏదో కోరబోయింది. కానీ ఏమని కోరుతుంది? ఎవరికీ ఏమీ కాకూడదనేనా? తను విని ఉంటే అమ్మవారిని అడగాల్సిన పనే లేదుగా! జీవితంలో మొదటిసారి ఆమె దేవుడి ముందు ఏమీ అడగకుండా, ఏమీ చెప్పకుండా, ఊరికే నిలబడింది.

అలా నోరు మూసుకున్నాక చెవులు తెరుచుకున్నాయి. ఏడుపులు వినిపించాయి. ఒకటి ఆకలి ఏడుపు. ఒకటి మొండి ఏడుపు. ఒకటి నిద్రకొచ్చిన ఏడుపు. వాటి మధ్య, నేరేడు చెట్టు అవతల, తెగిపోతున్న ఏడుపు ఒకటి. రెండు కేకలు, ఆపైన మూలుగు, ఆపైన ఏమీ లేదు. మళ్ళీ ఓ చిన్న కేక.

"అదిగో!" అని పరుగెత్తింది.

చెట్టు అవతల క్షవరం చేసే ఆయన ముందు, సన్యాసిరావు ఒళ్ళో దీక్షిత ఉంది. కుడివైపు తల గుండు అయిపోయింది. ఎడమవైపు జుత్తు అలాగే ఉంది. పాప మొహం పాలిపోయి బూడిదరంగుకి తిరిగింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయి. గౌరీశ్వరి మొగుడి భుజం పట్టుకుని, "ఆపండీ, ఆపండీ, దీనికి ఊపిరాడ్డం లేదు!" అని ఏడుస్తోంది.

"ఏటే ఆ గాబరా?" అని పారమ్మ కసురుతోంది. "ఏటీ కాదని డాక్టరమ్మే సెప్పింది కదా! ఆవిడకంటే నీకెక్కువ తెలుసా? నోర్ముయ్యి!"

ఆ మాట వెళ్ళి హైమావతికి గునపంలా గుచ్చుకుంది. ఆసుపత్రిలో తను ఆ పిల్ల నోరు ఒక్కసారే మూయించాననుకుంది. కాదు. ఆ "ఏం కాదు" ఆటో ఎక్కి, కొండెక్కి, ఇక్కడిదాకా వచ్చి మళ్ళీ మళ్ళీ మూయిస్తోంది.

"ఆ మాట తప్పు పారమ్మా!" అని అరిచింది. "నేను చెప్పింది తప్పు. మీ కోడలు చెప్తున్నదే నిజం. పాపను ఇలా ఇవ్వండి!"

పాపను నిటారుగా గుండెకి ఆనించుకుని నీడలోకి నడిచింది. అప్పలకొండ మొలతాడు విప్పేసింది, కడియాలు, గజ్జెలు తీసేసింది. హైమావతి స్టెతస్కోపు పెట్టింది. డప్పుల మోతలో ఏమీ వినపడలేదు.

"ఒక్క నిమిషం ఆపండి బాబూ! పసిబిడ్డ గుండె వినాలి!" అని అప్పలకొండ రెండు చేతులూ ఎత్తి కేక పెట్టింది. డప్పులవాళ్ళు ఆపేశారు. వాళ్ళను చూసి ముర్రాటలవాళ్ళు ఆగారు. కొండమీద ఆ కాస్త మేరా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో హైమావతికి వినపడింది. లబ్ డబ్ మధ్యలో, పగిలిన గొట్టంలోంచి నీళ్ళు చిమ్మినట్టు ఓ రొద.

స్టెతస్కోపు తీసి గౌరీశ్వరి వైపు తిరిగింది. "పొద్దున్న నువ్వేదో చెప్పబోయావు. నేను చెప్పనివ్వలేదు. ఇప్పుడు చెప్పమ్మా. మొత్తం చెప్పు."

కొండకింద జాతర కోసం పెట్టిన అంబులెన్సు దగ్గరికి దిగుతూ గౌరీశ్వరి చెప్పింది. పాలు తాగేటప్పుడు చెమట సంగతి, రెండు గుక్కలు తాగి వగర్చే సంగతి, పడుకోబెడితే ఏడుపు, నిలబెట్టి ఎత్తుకుంటే ఊరట. ప్రతి మాటా హైమావతికి సూదిలా దిగింది. అయినా మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. గౌరీశ్వరి ఆగిపోయినప్పుడు మాత్రం, "ఇంకా?" అంది. అప్పుడు ఇంకోటి బయటికొచ్చింది. పుట్టిన నెలకే ఓసారి పాప పెదాలు నీలంగా కనిపించాయట. "దిష్టేనని అత్త అందండీ. మీకు చెబుదామనే అప్పుడూ వచ్చాను."

అప్పుడూ వచ్చింది. అప్పుడు తను ఏమందో హైమావతికి గుర్తు లేదు. ఏమని ఉంటుందో మాత్రం తెలుసు.

అంబులెన్సు ఎక్కబోతుంటే పారమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ కళ్ళలో ఇంకో భయం. "డాక్టరమ్మా, మొక్కు సగంలో ఉంది. సగం గుండుతో బిడ్డని ఎలగ తీసుకెళ్తాం? అమ్మకి కోపం రాదా?"

హైమావతి నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. అవన్నీ మూఢనమ్మకాలు, పదండి పదండి. దాన్ని మింగేసింది. పారమ్మదీ తనలాంటి భయమేనని అప్పుడు గమనించింది.

"ఆవిడా తల్లే కదా పారమ్మా," అంది. "మిగతా సగం పాప తన కాళ్ళతో నడిచొచ్చి ఇస్తుందని చెప్పండి. తల్లి ఆగుతుంది."

పారమ్మ కొండవైపు తిరిగి దణ్ణం పెట్టి బండెక్కింది. సన్యాసిరావు డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

వరండాలో వాళ్ళకి కబురు చెప్పమని అప్పలకొండను వెనక్కి పంపి, విశాఖపట్నం పెద్దాసుపత్రి దాకా హైమావతి పాప పక్కనే కూర్చుంది. ఆక్సిజన్ గొట్టం చిన్ని ముక్కు దగ్గర పెట్టి పట్టుకుంది. దారి తరగడం లేదు. పాప కాస్త నిద్రలోకి జారినా ముగ్గురు ఆడవాళ్ళూ ఉలిక్కిపడి ఊపిరి చూసుకునేవారు. గజపతినగరం దాటాక గౌరీశ్వరి మెల్లగా అడిగింది. "ఏం కాదు కదండీ?"

ఎన్నేళ్ళుగానో అరిగిపోయిన ఆ మాట నోటిదాకా వచ్చింది. హైమావతి దాన్ని బయటికి రానివ్వలేదు. "నాకు తెలియదమ్మా," అంది. తెలియదు అన్న మాట ఓ తల్లితో అనడం అదే మొదలు. ఆకాశం విరిగి పడుతుందనుకుంది. పడలేదు. గౌరీశ్వరి ఆమె భుజం మీద తల వాల్చింది. "నిజం చెప్పారు. చాలండి," అంది.

పాప గుండెలో కన్నం ఉందని అక్కడి డాక్టర్లు తేల్చారు. మందులతో ముందు ఆయాసం తగ్గించారు. ఒళ్ళు చేశాక ఆపరేషన్ చేశారు. ఆ నెలలన్నీ హైమావతి దీపం ముందు ఏమీ అప్పజెప్పలేదు. వత్తి నిలిచి వెలిగేదాకా ఊరికే కూర్చునేది. భయం పోలేదు. భయంతోపాటు కూర్చోవడం అలవాటైంది.

ఆసుపత్రిలోనూ పద్ధతి మారింది. పిల్లలకి వెండి తీశాకే తూకం. తల్లి మాట్లాడుతున్నంతసేపూ కలం బల్లమీదే. చివర్లో ఒకటే ప్రశ్న, "ఇంకా?" వరండాలో ఆడవాళ్ళు దానికీ నవ్వేవారు. "ఇదివరకు నోరు తెరవనిచ్చేది కాదు. ఇప్పుడు ఇంకా, ఇంకా అంటూ మా ఇంట్లో నిన్నటి పులుసుదాకా లాగుతోంది తల్లీ!"

తర్వాత రెండు జాతరలు వెళ్ళిపోయాయి. మూడో జాతరకి పారమ్మ వచ్చి హైమావతిని దగ్గరుండి కొండకి తీసుకెళ్ళింది. దీక్షిత మెట్లన్నీ తనే ఎక్కింది. ఎత్తుకోబోతే గింజుకుంది. క్షవరం చేసే ఆయన కత్తి పట్టుకుని, "ఏటమ్మా, సగమేనా, మొత్తం తియ్యాలా?" అని హాస్యమాడాడు.

"మొత్తం తీసెయ్యి నాయనా," అంది పారమ్మ. "సగం గుండుతో విశాఖపట్నం అంతా చూసొచ్చింది, చాలు."

గుండయ్యాక దీక్షిత గంధం తలతో వచ్చి హైమావతి ఒళ్ళో ఎక్కి కూర్చుంది. ఏదో చెప్పడం మొదలుపెట్టింది. మేక వచ్చిందట. రిబ్బను తినేసిందట. నాన్న కర్ర తీశాడట. మేక నవ్విందట. మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదటికి వచ్చింది. డప్పులు మోగుతున్నాయి, ఎండ మండుతోంది, అప్పలకొండ ఆటో వెళ్ళిపోతుందని పిలుస్తోంది. హైమావతి కదల్లేదు.

"ఇంకా?" అంది.

దీక్షిత కళ్ళు పెద్దవి చేసి ఆలోచించింది. "ఇంకా... మేకే!" అంది.

హైమావతి పకపకా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగలేదు.

ఎంత చదివినవారైనా సరే, ఎదుటివారి మాట పూర్తిగా విన్నాకే జవాబు చెప్పాలి. సగం విని చెప్పే జవాబు వైద్యం కాదు, అవతలివారి నోటికి వేసే తాళం.